వేయించిన గోధుమ ఎందుకు మొలవలేదు?

చిరంజీవులకు,

నెఫెలే కథ విని మీరడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: "విత్తనాలు వేయిస్తే నల్లబడవా? రైతులు కనిపెట్టలేదా?"

నెఫెలే మేఘదేవత. గ్రీసులోని బియోషియా రాజు అథామాస్ మొదటి భార్య. పిల్లలు ఫ్రిక్సస్, హెల్లె. సవతి ఇనో వాళ్లను వదిలించుకోవాలని, మగవాళ్లకు తెలియకుండా ఊరి ఆడవాళ్ల చేత విత్తనపు గోధుమలు వేయించింది. చేలు మొలవలేదు. కారణం కనుక్కోమని రాజు డెల్ఫీలో దేవుడి మాట చెప్పే గుడికి మనుషులను పంపితే వాళ్లను లోబరుచుకుని, ఫ్రిక్సస్‌ను బలిస్తేనే పంటలు పండుతాయని చెప్పించింది.

గోధుమ మాడనక్కర్లేదు. ఒక గింజను గీత కిందికి వచ్చేలా బోర్లించి చూడండి. ఒక కొసన చిన్న ముడత ఉంటుంది. మొలక అక్కడే ఉంటుంది, సద్దిమూట పక్కన పెట్టుకుని పడుకున్న పాపలా. మిగతా గింజంతా సద్దే. సెగ తగిలితే సద్ది ఇంకా కమ్మగా అవుతుంది, పాప మాత్రం ఇక లేవదు. నీళ్లు పోస్తే సద్ది నానుతుంది, ఉబ్బుతుంది, తినేవాళ్లు లేక పులుస్తుంది. పైపొట్టు ఎలాగూ గోధుమరంగే కాబట్టి సంచిలో చూసి పోల్చడం కష్టం.

చేసి చూడండి. ఇరవై గింజలు తీసుకోండి. పదింటిని అమ్మ చేత సన్నసెగ మీద అయిదు నిమిషాలు వేయించి చల్లార్చండి. రెండు రకాలనూ విడివిడిగా రాత్రంతా నానబెట్టి, వేరువేరు తడిగుడ్డల్లో కట్టండి. గుడ్డ ఆరితే మొలక ఎండిపోతుంది, నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. మూడో రోజుకు తేడా తెలుస్తుంది. పచ్చివీ మొలవకపోతే గోధుమలు మరీ పాతవన్నమాట, వేరేవి తెచ్చుకోండి.

బలి వేళకు నెఫెలే వచ్చింది. దేవతల దూత హెర్మిస్ ఇచ్చిన బంగారు ఉన్ని పొట్టేలు మీద పిల్లలిద్దరినీ ఎక్కించి పంపింది. హెల్లె దారిలో సముద్రంలో పడిపోయింది. ఆ జలసంధి గ్రీకులకు హెల్లెస్‌పాంట్, ఇప్పటి తుర్కియేలోని డార్డనెల్స్. ఫ్రిక్సస్ మాత్రం కోల్చిస్ చేరాడు, అది ఇప్పటి జార్జియాలో ఉంది. ఆ బంగారు ఉన్ని కోసం తర్వాత కోల్చిస్ వెళ్లిన వీరుల గురించి ఎంతో చెప్పుకున్నారు గానీ, ఆ తల్లిని దాదాపు మరిచారు. అది అన్యాయం. ఒక పాత లాటిన్ గ్రంథం మాత్రం, విత్తులు చల్లే కాలానికి గుర్తుగా ఆ పొట్టేలును నక్షత్రాల్లో నిలిపింది నెఫెలేయే అంటుంది.

అదే మేషరాశి. డిసెంబరు నడిమిలో రాత్రి ఎనిమిదిన్నరకు దాదాపు నడినెత్తిన ఉంటుంది. ముందు కృత్తికల గుంపును పట్టుకుని, అక్కడి నుంచి పడమరగా చూపు జరపండి. దగ్గరదగ్గరగా రెండు చుక్కలు, వాటి పక్కన మసకగా మూడోది. మన అశ్విని కూడా అక్కడే. వీధిదీపాలకు దూరంగా, మేడ మీద నుంచి చూడండి.

మీ తాతయ్య