లాక్విలా: జనాన్ని ఇంట్లో ఉంచిన మాట

ప్రకంపనలు వచ్చాక కూడా ఇంట్లోనే ఉండిపోయారు కాబట్టి చనిపోయినవాళ్ల తప్పూ ఉందట. అందుకే పరిహారంలో 30 శాతం కోత. ఇటలీలోని లాక్విలా పట్టణంలో 2009 భూకంపానికి కూలిన ఒక అపార్ట్‌మెంట్‌పై 2022 అక్టోబర్‌లో అక్కడి సివిల్ కోర్టు ఇచ్చిన ఈ తీర్పుతో పాత గొడవ మళ్లీ రాజుకుంది.

2009 ఏప్రిల్ 6 భూకంపం, 309 మంది మరణం తెలిసిన సంగతులే. అసలు చూడాల్సింది అంతకు ఆరు రోజుల ముందు ఏం జరిగిందన్నది. నెలల తరబడి నేల కదులుతుండటం, నేలలోంచి వచ్చే రేడాన్ వాయువును కొలిచి భూకంపాన్ని పసిగట్టొచ్చనే ఒక టెక్నీషియన్ ముప్పుందని హెచ్చరించడంతో ఊరంతా టెన్షన్. దాంతో మార్చి 31న ప్రభుత్వ నిపుణుల కమిటీ లాక్విలాలో ఓ గంటసేపు సమావేశమైంది. 1703లో ఈ ఊరిని నేలమట్టం చేసినలాంటి భూకంపం ఇప్పట్లో వచ్చే అవకాశం తక్కువే గానీ అసలు రాదని చెప్పలేమని అందులో ఒక శాస్త్రవేత్త అన్నారు.

జనం విన్నది మాత్రం వేరు. సమావేశానికి ముందే పౌర రక్షణ శాఖ ఉపాధ్యక్షుడు బెర్నార్డో డి బెర్నార్డినిస్ టీవీ విలేకరితో మాట్లాడారు. చిన్న ప్రకంపనలతో భూమిలోని శక్తి బయటికి పోతోంది, ఇది మంచిదేనని శాస్త్రవేత్తలు చెబుతున్నారన్నారు. అయితే ఓ గ్లాసు వైన్ తాగొచ్చా అని విలేకరి అడిగితే, నిక్షేపంగా అంటూ ఏ వైనో కూడా చెప్పారు. నిజానికి ఏప్రిల్ 6 నాటి 6.3 తీవ్రతకు సరిపడా శక్తి పోవాలంటే 4 తీవ్రత ప్రకంపనలు వేలల్లో రావాలి!

భూమి కదిలితే పిల్లాపాపలతో బయటికొచ్చి, రాత్రంతా ఆరుబయటో కారులోనో గడపడం అక్కడ తాతల నాటి అలవాటు. ఏప్రిల్ 5 రాత్రి పదకొండుకు కాస్త ముందు ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఇంకోసారి నేల కదిలింది. టీవీలో విన్న మాట నమ్మి కొన్ని కుటుంబాలు ఇంట్లోనే పడుకున్నాయి. 3.32కి అసలు భూకంపం వచ్చింది. బంధువులు కోర్టులో చెప్పుకున్న గోడు ఇదే.

మార్చి 31 సమావేశం జనాన్ని శాంతపరిచే 'మీడియా ఆపరేషన్' అని పౌర రక్షణ శాఖాధిపతి గీడో బెర్టొలాసో దానికి ముందురోజు ఫోన్‌లో అన్న రికార్డింగ్ 2012లో బయటపడింది. ఆయన తర్వాత నిర్దోషిగా తేలారు. 2012 అక్టోబర్‌లో డి బెర్నార్డినిస్‌తో సహా ఆ సమావేశంలో పాల్గొన్న ఏడుగురికి ఆరేళ్ల చొప్పున జైలు శిక్ష పడింది. భూకంపాన్ని ముందే చెప్పలేదని శాస్త్రవేత్తలను శిక్షిస్తారా అని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. మోపిన నేరం అది కానే కాదు, ముప్పును సరిగా అంచనా వేయకుండా జనానికి తప్పుడు భరోసా ఇచ్చి మరణాలకు కారణమయ్యారన్నది. 2014లో అప్పీలు కోర్టు ఆరుగురిని వదిలేసి, డి బెర్నార్డినిస్ శిక్షను రెండేళ్లకు తగ్గించింది. 2015 నవంబర్‌లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖరారు చేసింది. అదీ, ఆయన మాట వల్లే ఇంట్లో ఉండిపోయారని రుజువైన కొందరి మరణాల విషయంలోనే.