కోర్ నష్టాలపై నాలుగు అపోహలు, వాటి వెనుక ఉన్న వాస్తవాలు

కోర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్, ఇండక్టర్‌లలో తీగ చుట్టే అయస్కాంత పదార్థం; అందులో వేడిగా వృథా అయ్యే శక్తే కోర్ నష్టం.

అపోహ: తయారీదారు డేటాషీట్‌లో ఉన్న నష్టమే మన కన్వర్టర్‌లోనూ (స్విచ్చింగ్‌తో వోల్టేజిని మార్చే సర్క్యూట్‌లోనూ) ఉంటుంది.

వాస్తవం: ఆ విలువను సాధారణంగా చిన్న రింగు కోర్ మీద, సైన్ తరంగంతో, డీసీ ప్రవాహం లేకుండా కొలుస్తారు. కోర్ నష్టాన్ని అంచనా వేసే 1892 నాటి స్టైన్‌మెట్జ్ సూత్రానికి మనం వాడే గుణకాలు కూడా అలాంటి కొలతల నుంచి వచ్చినవే. కన్వర్టర్‌లో వైండింగ్‌కు అందేది చతురస్ర వోల్టేజి కాబట్టి ఫ్లక్స్ (కోర్‌లోని అయస్కాంత ప్రవాహం) సరళరేఖల్లో ఎక్కి దిగుతుంది. డ్యూటీ (ప్రతి ఆవృత్తిలో స్విచ్ ఆన్‌లో ఉండే కాలం వాటా) 50 శాతం నుంచి దూరమయ్యేకొద్దీ, ఫ్లక్స్ ఊపు మారకపోయినా, ఒక వైపు వాలు నిటారుగా మారి నష్టం పెరుగుతుంది. దీనికి డీసీ బయాస్ (స్థిరమైన డీసీ ప్రవాహం) తోడైతే డేటాషీట్ లెక్క ఇంకా తప్పుతుంది. అందుకే అసలు తరంగరూపంతో కొలవనిదే ఏ కోర్‌నూ ఖరారు చేయకూడదని నా నిశ్చితాభిప్రాయం.

అపోహ: కోర్ ఎంత చల్లగా ఉంటే నష్టం అంత తక్కువ.

వాస్తవం: పవర్ ఫెర్రైట్‌కు (పవర్ సర్క్యూట్ల కోర్‌లకు వాడే సిరామిక్ అయస్కాంత పదార్థానికి) ఇది వర్తించదు. మాంగనీస్-జింక్ ఫెర్రైట్‌లో స్ఫటిక అనిసోట్రపీ (దిశను బట్టి అయస్కాంతీకరణ సులువులో వచ్చే తేడా) సున్నాకు చేరువయ్యే ఉష్ణోగ్రత దగ్గర హిస్టెరిసిస్ నష్టం (అయస్కాంతీకరణ దిశ పదేపదే మారడంలో పోయే శక్తి) కనిష్ఠానికి దిగుతుంది. చాలా గ్రేడ్లలో ఆ కనిష్ఠ బిందువు 80-100 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉండేలా కూర్పును సరిదిద్దుతారు. ఆ బిందువు దాటాక పరిస్థితి తిరగబడుతుంది: వేడి నష్టాన్ని పెంచుతుంది, నష్టం వేడిని పెంచుతుంది, పైగా సాచురేషన్ హద్దు (కోర్ మోయగల గరిష్ఠ ఫ్లక్స్) కూడా తగ్గుతూ వస్తుంది. కాబట్టి కోర్‌లో అత్యంత వేడిగా ఉండే చోటు సైతం కనిష్ఠ బిందువుకు కాస్త ముందే ఆగేలా డిజైన్ చేయాలి.

అపోహ: పర్మియబిలిటీ (ఫ్లక్స్‌ను సులువుగా పారనిచ్చే గుణం) ఎక్కువైతే నష్టం తక్కువ.

వాస్తవం: ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు. విద్యుత్ నాయిస్‌ను అడ్డుకునే ఫిల్టర్ చోక్‌ల కోసం చేసిన 10,000 పర్మియబిలిటీ గ్రేడ్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు పనికిరాదు.

అపోహ: పలుచని రిబ్బన్ (కోర్‌గా చుట్టే లోహపు పట్టీ) వాడితే ఎడ్డీ కరెంట్ల (మారే ఫ్లక్స్ వల్ల కోర్‌లోనే పుట్టే సుడి ప్రవాహాల) బాధ తీరినట్టే.

వాస్తవం: ఫ్లక్స్ రిబ్బన్ తలానికి సమాంతరంగా పారినంత వరకే ఇది నిజం, అప్పుడు ఎడ్డీ నష్టం మందం వర్గానికి అనులోమంగా తగ్గుతుంది, సుమారు 20 మైక్రాన్ల నానోక్రిస్టలైన్ (అతిసూక్ష్మ స్ఫటికాల) రిబ్బన్ బలం అదే. కోర్‌ను కోసి వదిలిన గాలి సందు దగ్గర బయటికి ఉబ్బే ఫ్లక్స్ మాత్రం రిబ్బన్ వెడల్పాటి ముఖంలోకి లంబంగా చొచ్చుకుపోతుంది, అక్కడ పలుచదనం అక్కరకు రాదు. కోసిన అంచును భూతద్దంలో చూస్తే, పొరలు ఒకదానిమీదికి ఒకటి సాగి అతుక్కున్న చోట్లు కనిపిస్తాయి. అవే పొరల మధ్య షార్ట్‌లు. అంచును జాగ్రత్తగా నునుపుచేసి, ఎచింగ్‌తో (రసాయనంతో కరిగించి) ఆ అతుకులను తొలగించి, ఒకే పెద్ద సందు బదులు అనేక చిన్న సందులుగా పంచితే ఈ నష్టం చాలావరకు అదుపులోకి వస్తుంది.