మూడో గడిలో ఏం రాయాలి?

పిల్లలూ,

మొన్న క్రీస్తురాజు పండుగ నాడు పూజ అయినాక మీరంతా చింతచెట్టు కింద ఆడుకుంటూ, మధ్యమధ్యలో బడి గది కిటికీలోంచి మమ్మల్ని తొంగిచూశారు. సాయంత్రం నాలుగైనా మేం బయటికి రాలేదు. వచ్చినాక మీలో ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "తాతా, లోపల కొట్లాడుకున్నారా?" అని అడిగింది. అప్పటికే అలిసిపోయి ఉన్నాను, ఏదో చెప్పి పంపించేశాను. ఇంటికొచ్చినాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

కొట్లాట కాదు తల్లీ. ఏడాది లెక్క చూసుకున్నాం. మన విచారణకు, అంటే మన గుడి కిందికొచ్చే కతోలిక కుటుంబాలన్నిటికీ కలిపి, మూడేళ్ళ పాస్టరల్ ప్రణాళిక ఒకటి ఉంది. పాస్టర్ అంటే లాటిన్ భాషలో కాపరి. ఆదోని రోడ్డు పక్కన గొర్రెల మందను మీరు రోజూ చూస్తారు కదా. పొద్దుగూకే వేళ కాపరి దొడ్డి తడికె కొంచెమే తెరిచి, ఒక్కొక్క జీవాన్నే లోపలికి వదులుతాడు. ఎన్ని వచ్చాయో లెక్కపెడతాడు. ఏది కుంటుతోందో, దేని కడుపు ఖాళీగా ఉందో కూడా అప్పుడే కనిపెడతాడు. మేం ఆ గదిలో చేసిన పని అలాంటిదే.

ఈ పనికి క్రీస్తురాజు పండుగనే ఎందుకు పెట్టుకున్నామంటే, దైవార్చన సంవత్సరంలో, అంటే గుడిలో పండుగలు, పూజలు నడిచే ఏడాదిలో, అది చివరి ఆదివారం. 1925లో 11వ పయస్ పోపుగారు ఈ పండుగను స్థాపించినప్పుడు అక్టోబరులో చేసేవారు. ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ తర్వాత సంవత్సరాంతానికి మార్చారు. ఆ మరుసటి ఆదివారం క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమనకాలం మొదలు, అంటే మనకు కొత్త సంవత్సరం. రైతు కళ్ళం ఊడ్చుకున్నాకే కదా మళ్ళీ విత్తనం గురించి ఆలోచించేది.

ప్రణాళిక రాసేది, ఏటేటా తిరగేసేది విచారణ సలహా మండలి. 1983లో వచ్చిన శ్రీసభ (కతోలిక సంఘం) ధర్మశాస్త్రంలో 536వ సూత్రం ఈ మండలి గురించే. ఫాదర్ గారు అధ్యక్షులు, మేం సలహా చెప్పేవాళ్ళం, నిర్ణయం ఆయనది. "అట్లయితే మనం చెప్పి ఏం లాభం?" అని కొందరు పెద్దలే అంటుంటారు. నేను ఒప్పుకోను. ఫాదర్ గారు కొన్నేళ్ళకు బదిలీ మీద వెళ్ళిపోతారు. ఏ సందులో ఎవరి ఇల్లు, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు అన్నది మనకే తెలుస్తుంది. తెలిసినదాన్ని ఆయన ముందు పెట్టకపోతే ఆ లోటు మనది. 2024 అక్టోబరులో రోములో ముగిసిన సినడ్, అంటే పోపుగారు పిలిచిన బిషప్పుల సభ కూడా తన తుది పత్రంలో ఇలాంటి మండళ్ళు తప్పనిసరిగా ఉండాలనే చెప్పింది.

ఇక మా పొడుగు నోటుబుక్కు సంగతి. ప్రతి పేజీలో మూడు గడులు గీసి ఉంటాయి. మొదటిదాంట్లో ఏం చేస్తామన్నామో, రెండోదాంట్లో ఏం చేశామో ఉంటుంది. మూడోదానికి పైన "ఎందుకు" అని మాత్రమే రాసి ఉంటుంది. మొదటి రెండు గడులు నింపడానికి అరగంట చాలు. సాయంత్రం దాకా కూచోబెట్టేది మూడోదే.

దాని విలువ నాకు తెలిసొచ్చింది నా తప్పువల్లే. రెండేళ్ళ కిందట మండలి కార్యదర్శిని నేనే. "తపస్సుకాలంలో ప్రతి ఇంటికీ వెళ్ళి కలిసి ప్రార్థన చేయాలి" అని మొదటి గడిలో ఉంది. తపస్సుకాలం అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస ప్రార్థనల కాలం. నాలుగు జట్లుగా తిరిగాం. ఏడాది చివర రెండో గడిలో "అన్ని ఇళ్ళూ అయినాయి" అని రాసి, కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. ఆ మాట పైకి చదువుతుంటే వెనక బెంచీలోంచి ఒక అవ్వ లేచింది.

"మా ఇంటికి యాడొచ్చినారు నాయనా?"

నేను జాబితా చూశాను. ఆమె కొడుకు పేరుకెదురుగా టిక్కు ఉంది. "వచ్చినాంలే అవ్వా, బీగం వేసి ఉండె" అన్నాను.

"బీగం ముందర కదా. కొడుకూ కోడలూ సుగ్గికి పోతా వేసిపోయినారు. నేను యెనక కొట్టంలో ఉంటి. మీ పాట వినపడె. వస్తారులే అని చీర సర్దుకోని కూచోనుంటి."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నా చేతిలో పెన్ను అట్లే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే సిస్టరమ్మా నేనూ వెళ్ళాం. ముందు తలుపుకు అంత లావు తాళం. పక్క సందులో కంపచెట్లు దాటుకుని వెనక్కి పోతే రేకుల కొట్టం, రెండు మేకలు, నులక మంచం. గుంజకు కొట్టిన మేకుకి జపమాల వేలాడుతోంది. డబ్బా మూత మీద వేలెడంత కొవ్వొత్తి ముక్క. మేం వెళ్ళేసరికి ఆమె బుడ్డలు (వేరుశెనగలు) వేయించి కాగితంలో పోసిపెట్టింది. ఆ కొవ్వొత్తి వెలిగించే ప్రార్థన చేశాం.

మరుసటి ఏడు బీగం వేసిన ఇళ్ళకు వేరే పట్టిక పెట్టాం. ఒక్కో బీగం వెనక ఎవరున్నారో కనుక్కున్నాం. ముసలివాళ్ళు, ఒంట్లో బాగాలేనివాళ్ళు, వలస నెలల్లో నడిచే సీజనల్ హాస్టల్లో దిగబెట్టిన పిల్లలు. సుగ్గి, అంటే కూలిపనికి వలసపోయే సంగతి మీకు చెప్పాలా? దీపావళి దాటితే పత్తి ఏరడానికి, సంక్రాంతి తర్వాత మిరపకోతలకు గుంటూరు వైపు లారీలెక్కి పోతారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఇదే కథ. మీలోనూ కొందరు ఆ లారీ ఎక్కినవాళ్ళే.

ఈ ఎరుకతోనే, పిల్లలకు మన విశ్వాసం నేర్పే సత్యోపదేశం తరగతుల చిక్కు కూడా విడిపోయింది. ప్రథమ దివ్యసత్ప్రసాదం పిల్లలకు, అంటే పూజలో మొదటిసారి ప్రసాదం తీసుకోబోయేవాళ్ళకు, క్రిస్మస్ తర్వాత తరగతులు పెట్టేవాళ్ళం. ఏటా సగంమంది కూడా మిగిలేవారు కాదు. మూడో గడిలో "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అని వరుసగా రాస్తూ వచ్చాం. రాసింది మేమే, ఇప్పుడు చదివితే బాధేస్తుంది. ఆ తరగతులు చెప్పే ఉపదేశిగారు గోడమీది కేలండరు తీసి బల్లమీద పరిచి, మిరపకోతల నెలల్ని వేలితో చూపించారు. తరగతుల్ని జూన్‌కి జరిపాం. ఆ మొదటి ప్రసాదం పండుగను దసరా సెలవుల్లో పెట్టాం. ఈ ఏడు ఒక్క బిడ్డ కూడా మధ్యలో ఆగలేదు.

సుగ్గికి పోయేవాళ్ళ చేతికి ఒక చీటీ కూడా ఇస్తున్నాం, బిడ్డ జ్ఞానస్నానం ఎక్కడ, ఎప్పుడు అయిందో రాసి. ఎక్కడున్నా దగ్గరి విచారణలో చూపిస్తే వాళ్ళు చేరదీస్తారు. జ్ఞానస్నానం పుస్తకం మాత్రం అది జరిగిన గుడిలోనే ఉంటుంది. రేపు మీ భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని దృఢపరిచే సంస్కారం), పెళ్ళి ఏ ఊళ్ళో జరిగినా ఆ వివరం తిరిగి ఇదే పేజీలోకి చేరాలి. మీరు ఎంత దూరం పోయినా మీ పేరున్న గీత ఇక్కడ మీకోసం తెరిచే ఉంటుందన్నమాట. నాకు ఆ పుస్తకం ముట్టుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

డబ్బు లెక్కల గురించి ఎక్కువ చెప్పను. ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండితీరాలి, విశ్వాసులిచ్చిన కానుకలకు లెక్క విశ్వాసులకే చెప్పాలి. వచ్చే ఆదివారం పూజ చివర చదువుతారు. మీరు వేసిన ఐదు రూపాయల బిళ్ళలూ అందులో ఉన్నాయి, శ్రద్ధగా వినండి.

ఈ ఏడు మేం ఓడిపోయిన పేజీ ఒకటుంది. యువత కూడిక నెలకొకటి అన్నాం. నాలుగే జరిగాయి, చివరిదానికి ఐదుగురే వచ్చారు. మూడో గడిలో ఒకరు "సెల్‌ఫోన్లు" అని రాయమన్నారు, ఇంకొకరు "ట్యూషన్లు" అన్నారు. ఫాదర్ గారు దేన్నీ రాయనివ్వలేదు. "వాళ్ళను అడిగామా?" అన్నారు. అడగలేదు. సాయంత్రం నాలుగైంది అక్కడే. ఆ గడి ఇంకా ఖాళీగా ఉంది.

ఆదివారం సత్యోపదేశం అయినాక నోటుబుక్కు బడి గదిలో బల్లమీద పెడతాను, పక్కన పెన్సిలు ఉంటుంది. మీరు ఎందుకు రాలేదో మీ మాటల్లోనే రాయండి. కూడిక విసుగ్గా ఉందనిపిస్తే అదే రాయండి. పేరు పెట్టనక్కర్లేదు. మీరు రాసింది ఒక్క అక్షరం మార్చకుండా మండలిలో చదువుతానని మాటిస్తున్నాను.

నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయీ, ఈ తపస్సుకాలంలో మా జట్టుతో నువ్వూ రా. మీ అమ్మను నేను అడుగుతాను. అవ్వ ఇంటికి మనమే వెళ్ళాలి. చెప్పులు వేసుకో, సందులో ముళ్ళుంటాయి. ముందర బీగం చూసి ఆగిపోవద్దు, వెనక దావన రావాలి.

మీ తాత