వ్యాసం చివరి పేరా గురించి

చిరంజీవులకు ఆశీస్సులు.

1908 మూసీ వరద మీద మీరు పంపిన వ్యాసాలన్నీ చదివాను. సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ఏరు ముంచెత్తడం, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకోవడం చదువుతుంటే ఒళ్లు జలదరించింది. తీరా చివరికొచ్చేసరికి అందరూ ఒకే మాట రాశారు: "కావున మనమందరం ప్రకృతిని కాపాడుకోవాలి."

ఆ మాట తప్పు కాదు. కానీ పులుల మీద రాసినా, ప్లాస్టిక్ మీద రాసినా చివర అదే అతికించొచ్చు. మూసీ గురించి ఇంత చదివి, ఆఖర్న మూసీనే వదిలేస్తే ఎలా?

చివరి పేరాకి ముందు కాసేపు పెన్ను పక్కన పెట్టండి. "అయితే ఏంటి? ఈ సంగతి ఇవాళ ఎవరికి కావాలి?" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు మీ వ్యాసంలోనే దొరుకుతుంది. వరద తర్వాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరద నీటిని ఊరికి ఎగువనే ఆపాలన్నారాయన. అలా 1920లో మూసీ మీద గండిపేట, 1927లో మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. మీలో ఒకరు ఇదంతా మధ్యలో చక్కగా రాశారు. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తి, మూసీ ఒడ్డు బస్తీలవాళ్లను ఖాళీ చేయించిన సంగతీ రాశారు. ఆ రెంటినీ కలిపి చూస్తే చాలు. నేనైతే ఇలా ముగిస్తాను:

"వరదను ఆపడానికి వందేళ్ల కింద రెండు జలాశయాలు కట్టారు. అవి నిండితే నీళ్లు మళ్లీ పాత దారినే వస్తాయి. ఆ దారి పక్కనే ఇప్పుడు ఇళ్లున్నాయి. గేట్లు ఎత్తారన్న కబురు వినగానే అక్కడివాళ్లు పిల్లల్నీ సామాన్లనీ తీసుకుని బయటపడాల్సి వస్తోంది."

ఇందులో ఎవరికీ నీతులు చెప్పలేదు. అయినా 1908 ఎందుకు గుర్తుంచుకోవాలో చదివేవాళ్లకు తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: 2020 సంగతి ముందే చెప్పి ఉండాలి. కొత్త విషయాన్ని ముగింపులో దించితే, దాన్ని వివరించడానికి చోటుండదు.

పరీక్షలో టైం చాలదన్న టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. అందుకే "అయితే ఏంటి?"కి జవాబు ముందే రఫ్‌గా ఒక వాక్యం రాసుకోండి. మధ్యలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కూడా దాన్నిబట్టే తేలుతుంది.

వ్యాసమంతా మళ్లీ రాయొద్దు. చివరి పేరా ఒక్కటే తిరగరాసి ఆదివారంలోగా పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య