గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: పరీక్ష పాతదే, అందింది కొందరికే

2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6.6 లక్షల మంది మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. 3.5 లక్షల మంది చనిపోయారు. ఆ మరణాల్లో 94 శాతం పేద, మధ్య ఆదాయ దేశాల్లోనివే. ఒక్క భారత్‌లోనే సుమారు 80 వేల మంది. అంటే ఈ జబ్బుతో ప్రపంచంలో చనిపోతున్న ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా మన దేశపు ఆడవాళ్లే.

ఇది ఉన్నట్టుండి మీద పడే జబ్బు కాదు. దీనికి కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) సోకినా చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలోనే అది తిష్ట వేస్తుంది. అలా తిష్ట వేసిన చోట కణాలు మెల్లగా మారి క్యాన్సర్ కావడానికి పది పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోపు ఎప్పుడు చూసినా ఆ మారిన భాగాన్ని పట్టుకోవచ్చు, ఆస్పత్రిలో పడుకోబెట్టకుండానే తీసేయొచ్చు. అన్నేళ్ల వ్యవధి ఉన్నా ఇంతమంది ఎందుకు చనిపోతున్నారో తెలియాలంటే దాదాపు వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

గ్రీస్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జ్ పాపనికొలావు 1928లో ఒక సమావేశంలో తాను గమనించినది చెప్పాడు. యోని స్రావంలో రాలిన కణాలను మైక్రోస్కోప్ కింద చూసి క్యాన్సర్‌ను గుర్తుపట్టవచ్చన్నాడు. దాదాపు అదే సమయంలో రొమేనియాలో ఆరెల్ బాబెష్ కూడా ఇదే తేల్చాడు. ఇద్దరినీ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1941లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి పాపనికొలావు పరిశోధన పత్రం, 1943లో పుస్తకం తెచ్చాకే వైద్యలోకం కదిలింది. ఈ కృషికి ఏళ్ల తరబడి నమూనాలు ఇచ్చింది ఆయన భార్య ఆండ్రోమాకి. పరీక్షకు మాత్రం భర్త పేరే మిగిలింది: పాప్ స్మియర్.

చూడటానికి సులువైన పరీక్షే. చెక్క పుల్లతోనో చిన్న బ్రష్‌తోనో ముఖద్వారం దగ్గర నెమ్మదిగా గీకి, వచ్చినదాన్ని గాజు స్లయిడ్ మీద పులమాలి. ఆరిపోకముందే ఆల్కహాల్‌లో ముంచాలి. అక్కడితో తీసేవారి పని అయిపోతుంది, అసలు పని మొదలవుతుంది. స్లయిడ్ ల్యాబ్‌కు చేరాలి, దానికి రంగు వేయాలి, శిక్షణ పొందిన కళ్లు వేల కణాల మధ్య తేడాగా ఉన్న నాలుగింటిని పట్టుకోవాలి. ఫలితం వారాల తర్వాత వెనక్కి రావాలి, దాన్ని ఆ మనిషికి ఎవరో చెప్పాలి, ఆమె మళ్లీ ఆస్పత్రికి రావాలి. పైగా ఒక్కసారి చేసే స్మియర్‌కు చాలా కేసులు దొరకవు, అందుకే కొన్నేళ్లకోసారి ఇదంతా మళ్లీ జరగాలి. ఇందులో ఎక్కడ తెగినా పరీక్ష చేసినా చేయనట్టే.

1949లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో స్క్రీనింగ్, అంటే జబ్బు లక్షణాలు లేనివారికీ ముందుగానే పరీక్ష చేయడం, మొదలైంది. ఆ తర్వాత ఉత్తర ఐరోపా దేశాలు అందుకున్నాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ దేశాల మధ్య తేడానే. 1960లలో ఐస్‌లాండ్, ఫిన్లాండ్ జనాభా రిజిస్టర్ చూసి ఆ వయసు మహిళలందరికీ ఉత్తరాలు రాసి పరీక్షకు పిలిచాయి. నార్వేలో డాక్టర్లకు, ల్యాబ్‌లకు, డబ్బుకు కొదవలేదు. స్మియర్లూ బాగానే జరిగాయి, కానీ పేరుపెట్టి పిలిచే పద్ధతి చాలా కాలం ఒక్క కౌంటీకే పరిమితమైంది. 1980ల మొదటికి ఐస్‌లాండ్‌లో ఈ క్యాన్సర్ మరణాలు 80 శాతం దాకా, ఫిన్లాండ్‌లో సగం తగ్గాయి. నార్వేలో తగ్గింది పది శాతం దగ్గరే. ఆ దేశం జాతీయ స్థాయిలో పిలుపు పద్ధతిని 1995లో గానీ మొదలుపెట్టలేదు.

బ్రిటన్‌ది ఇంకా ముచ్చటైన పాఠం. అక్కడ 1960లలోనే స్క్రీనింగ్ మొదలైనా, రెండు దశాబ్దాల పాటు ఎవరొస్తే వారికే చేశారు. కుటుంబ నియంత్రణ క్లినిక్‌లకు వచ్చే పడుచువాళ్లకు మళ్లీ మళ్లీ జరిగింది. ముప్పు ఎక్కువున్న పెద్ద వయసు వాళ్లు, పేద ఇళ్ల ఆడవాళ్లు వాటి ఛాయలకే రాలేదు. 1988లో కంప్యూటర్ ద్వారా పిలిచే పద్ధతి పెట్టారు. 1990 నుంచి లక్ష్యం అందుకున్న ఫ్యామిలీ డాక్టర్లకు అదనంగా చెల్లించారు. 42 శాతం ఉన్న కవరేజీ 1994కల్లా 85 శాతానికి చేరింది. పరీక్ష అదే, స్లయిడ్ అదే.

ఉత్తరాలు రాయడానికి రిజిస్టరే లేని చోట, స్లయిడ్ చూసేవాళ్లు జిల్లాకు ఒక్కరైనా దొరకని చోట ఈ నమూనా పనిచేయలేదు. లాటిన్ అమెరికాలో చాలా దేశాలు స్మియర్ కార్యక్రమాలు పెట్టాయి. నాణ్యత లోపించి, ఫలితాలు మనిషిని చేరక, మరణాలు అనుకున్నంత తగ్గలేదు. భారత్‌లో దేశవ్యాప్త స్మియర్ కార్యక్రమం అసలు రూపుదిద్దుకోనే లేదు. నగరాల్లో ప్రైవేటు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లగలిగిన వారికి అది దొరికింది. పల్లెలో ఆడమనిషి తెల్లబట్ట అని పీహెచ్‌సీకి వెళితే మాత్రలిచ్చి పంపడమే ఎక్కువ. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడితే సిగ్గుపడి చెప్పుకోదు. చెప్పుకునేసరికి జబ్బు పక్క అవయవాలకు పాకి ఉంటుంది.

1990ల్లో పరిశోధకులు మరో దారి వెతికారు. ముఖద్వారం మీద పలచని అసిటిక్ యాసిడ్ అద్ది ఒక నిమిషం ఆగాలి. అసిటిక్ యాసిడ్ అంటే వెనిగర్‌లో ఉండేదే. తేడాగా ఉన్న చోటు తెల్లగా పాలిపోతుంది. మామూలు లైటు వెలుగులో, శిక్షణ పొందిన నర్సు కంటితో చూసి చెప్పేయొచ్చు. దీన్నే వీఐఏ అంటారు. ల్యాబ్ అక్కర్లేదు, ఫలితం అప్పటికప్పుడే వస్తుంది, వీలైతే అదే రోజు చికిత్స కూడా చేయొచ్చు. లోపాలూ ఉన్నాయి. చూసేవారిని బట్టి ఫలితం మారుతుంది. ముట్లుడిగిన వారిలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోవడంతో కంటికి ఆనదు.

ఈ పద్ధతి పనిచేస్తుందా అన్నదానికి ప్రపంచానికి గట్టి రుజువు ఇచ్చింది భారతీయ మహిళలే. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో డాక్టర్ ఆర్. శంకరనారాయణన్ బృందం నర్సులతో వీఐఏ చేయించింది. మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో, మామూలు ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకోసారి పరీక్షిస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో (ఇప్పటి ధారాశివ్) 1.31 లక్షల మంది గ్రామీణ మహిళలను నాలుగు గుంపులు చేసి, వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష, స్మియర్, వీఐఏలను పోల్చారు. నాలుగో గుంపుకు ఏ పరీక్షా లేదు. జీవితంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతోనే మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అదే అధ్యయనంలో వీఐఏ, స్మియర్‌లతో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. అంటే వీఐఏ మీద దిండిగల్ ఒకటి చెబితే ఉస్మానాబాద్ మరొకటి చెప్పింది. చేసేవారి శిక్షణ, పర్యవేక్షణ ఎంత గట్టిగా ఉంటే ఆ పరీక్ష అంత పనిచేస్తుందని అర్థం చేసుకోవాలి.

ఈ అధ్యయనాల మీద విమర్శ ఉంది, అది తేలిగ్గా తీసేయాల్సింది కాదు. స్క్రీనింగ్ ప్రాణాలు కాపాడుతుందని పాశ్చాత్య దేశాల అనుభవం అప్పటికే చెబుతున్నప్పుడు, వేలాది మందిని పరీక్ష లేకుండా వదిలి ఎందరు చనిపోతారో లెక్కబెట్టడం న్యాయమా అని అమెరికాలోనూ ఇక్కడా కొందరు అడిగారు. ఈ దేశంలో మామూలుగా దొరికే వైద్యం అంతే, పోలిక దానితోనే అన్నది పరిశోధకుల జవాబు. ఆ జవాబు నిజమే, కానీ దేశపు పరిస్థితి మీద అంతకన్నా పెద్ద అభియోగం లేదు.

రుజువు ఇక్కడ దొరికినా అమలుకు తొందర పడలేదు. 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి వీఐఏ చేయాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది 2016లో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతమే. తమిళనాడులో 9.8 శాతం, పశ్చిమ బెంగాల్‌లో 0.2 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జాతీయ సగటు కన్నా మెరుగే అయినా రెండూ 5 శాతం లోపే. అంతకుముందు సర్వేలో ఇదే అంశం కింద 22.3 శాతం అని ఉండేది. అప్పుడు అడిగింది ముఖద్వారాన్ని ఎప్పుడైనా పరీక్షించారా అని, అదీ 15–49 ఏళ్ల వారిని. ఈసారి క్యాన్సర్ స్క్రీనింగ్ జరిగిందా అని సూటిగా అడిగారు. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి దేశం వెనక్కి వెళ్లిందనడం తప్పు. ప్రశ్న సరిగా అడిగాకే అసలు సంగతి బయటపడింది.

పెళ్లి వయసు పెరగడం, కాన్పులు తగ్గడం వంటి మార్పులతో చెన్నై, ముంబై లాంటి నగరాల్లో స్క్రీనింగ్ అంతగా లేకుండానే ఈ క్యాన్సర్ కొన్ని దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గుదల అందరికీ సమానంగా రాలేదు. క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కల్లో 2012–16 మధ్య దేశంలో అన్నిటికన్నా ఎక్కువ రేటు అరుణాచల్‌లోని పాపుంపరే జిల్లాది, లక్షకు 27.7.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో మలుపు ఉంది. 2015–16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న మహిళలు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అనో నడుము నొప్పి అనో వెళ్లిన ముప్పై ఏళ్ల మనిషికి, ఉంచితే క్యాన్సర్ అవుతుందని చెప్పి ఆపరేషన్ చేసిన ఉదంతాలు ఏళ్లుగా వార్తల్లోకి వస్తూనే ఉన్నాయి. నిమిషంలో అయ్యే పరీక్ష అందని చోటే పెద్ద ఆపరేషన్ మాత్రం అందింది. క్యాన్సర్ భయం ఊరూరా చేరింది, పరీక్ష చేరలేదు.

ఇక వైరస్ సంగతి. 1983లో జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ కణితుల్లో హెచ్‌పీవీ 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని గుర్తించింది. దాదాపు 70 శాతం కేసులకు ఈ రెండే కారణం. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. 2006లో టీకా వచ్చింది, మళ్లీ ముందు ధనిక దేశాలకే. 2007లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా ఇప్పుడు ఈ క్యాన్సర్‌ను 2035కల్లా దాదాపు లేకుండా చేస్తామంటోంది. డబ్బు ఒక్కటే కారణమనడానికీ లేదు. రువాండా 2011లో బడుల ద్వారా టీకా వేసి 90 శాతానికి పైగా బాలికలను చేరింది. జపాన్ 2013లో దుష్ప్రభావాల వార్తలకు బెదిరి సిఫార్సు ఆపేస్తే, 70 శాతం ఉన్న కవరేజీ ఒక శాతం లోపుకు పడిపోయింది.

మన దగ్గర ఆ బెదురుకు పేరు ఖమ్మం. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది 10–14 ఏళ్ల బాలికలకు టీకా వేయించాయి. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల అనుమతి ఉండాల్సిన చోట వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి కార్యక్రమమే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం లేదని విచారణ కమిటీ తేల్చింది. అనుమతి తీసుకున్న తీరును మాత్రం ఆ కమిటీ, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టాయి. సంతకం విషయంలో చేసిన నిర్లక్ష్యానికి దేశం పదేళ్లకు పైగా మూల్యం చెల్లించింది. పంజాబ్, సిక్కిం లాంటి ఒకటి రెండు రాష్ట్రాలు తప్ప ఎవరూ ధైర్యం చేయలేదు.

ఆ ఆపివేతలోనే ఒక విచిత్రం జరిగింది. అప్పుడే దేశంలో మరో అధ్యయనం రెండు డోసులా మూడు డోసులా అని పరిశీలిస్తోంది. ప్రభుత్వ ఆదేశంతో అదీ మధ్యలో ఆగింది. దాదాపు 5 వేల మంది బాలికలకు ఒక్క డోసే పడింది. వారిని పదేళ్ల పాటు గమనిస్తే ఒక్క డోసు రక్షణ కూడా దాదాపు అంతే ఉందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలని చెప్పడానికి ఆధారాల్లో అదొకటి. పేద దేశాలకు టీకా ఖర్చు అలా తగ్గింది.

పరీక్షలో తేడా కనిపించాక ఏమవుతుందన్నది ఇంకో అంతరం. ముదిరిన జబ్బుకు రేడియేషన్ కావాలి. ఉగాండాలో 2016లో దేశం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క రేడియోథెరపీ యంత్రం మూలన పడింది. హెచ్ఐవీ ఉన్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. ఆఫ్రికా తూర్పు, దక్షిణ భాగాల్లో మరణాల రేటు ప్రపంచంలోనే అత్యధికంగా ఉండటానికి ఈ రెండూ తోడయ్యాయి.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కి లక్ష్యం పెట్టింది: 90 శాతం బాలికలకు టీకా, 70 శాతం మహిళలకు 35, 45 ఏళ్లకల్లా మంచి పరీక్ష, జబ్బు బయటపడిన వారిలో 90 శాతానికి చికిత్స. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారీ టీకా సెర్వావాక్ 2023లో మార్కెట్లోకి వచ్చింది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9–14 ఏళ్ల బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. చర్చ ఇప్పుడు టీకా చుట్టూ తిరుగుతోంది, అది అవసరమే. కానీ టీకా వయసు దాటిపోయిన కోట్లాది మందికి మిగిలింది స్క్రీనింగే, రాబోయే ముప్పై ఏళ్ల మరణాలు ఎక్కువగా వారివే. ఖమ్మంలో 2009లో సూది వేయించుకున్న పిల్లలు, వారితోపాటు చదివి వేయించుకోని పిల్లలు ఇప్పుడు ముప్పైల్లోకి వస్తున్నారు. టీకా పడినా పడకపోయినా, ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఏఎన్ఎం పిలిచి పరీక్ష చేయించాల్సిన వయసు మొదలయ్యేది 30కే.