రేపటి వాతావరణం మీద నవల: అపోహలు - వాస్తవాలు

వాతావరణం మారిపోయిన కాలం మీద నవల మొదలుపెట్టేవాళ్లకు ఊహకు కొదవుండదు. లెక్క దగ్గరే రాతప్రతి కూలిపోతుంది. సంపాదకత్వంలో పదే పదే ఎదురయ్యే అపోహలివి. ఉదాహరణలు ఎక్కువగా కోనసీమవి, ఇలాంటి కథకు గోదావరి డెల్టాకు మించిన నేల మనకు లేదు కనుక.

అపోహ: సముద్రం ఊరిని మింగేసే ఘట్టం లేకపోతే నవలకు బలం రాదు.

వాస్తవం: సముద్రం అంత తొందరగా రాదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, ఉద్గారాలు బాగా పెరిగిపోయినా 2100 నాటికి ప్రపంచ సగటు సముద్రమట్టం 1995-2014 నాటికంటే 63 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పెరుగుతుందని అంచనా. ధ్రువాల మంచు అనుకున్నదానికంటే వేగంగా విరిగిపడితే ఇంకా పెరగొచ్చు. డెల్టాలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఒండ్రు ఎగువ ఆనకట్టల్లో ఆగిపోవడంతో తీరానికి కొత్త మట్టి సరిగా చేరడం లేదు, నేల కుంగుతోంది.

కథలో అలకంటే ముందు ఉప్పు రావాలి. మొదట వేసవిలో బోరు నీళ్లు ఉప్పెక్కుతాయి, ఆ నీళ్లతో పప్పు ఉడకదు. తర్వాత సముద్రం పోటు వేళ మురుగు కాలువ వెనక్కి తన్నుతుంది, వానకు మునిగిన సార్వా (వానాకాలం పంట) నాట్లు రోజుల తరబడి తేలవు. శివారు పొలాలు చౌడుబారతాయి. దాళ్వా (వేసవికి ముందు వేసే రెండో వరి పంట) మానేస్తారు. ఒకరు రొయ్యల చెరువు తవ్వగానే పక్క చేలోకి ఉప్పు ఊరుతుంది, అన్నదమ్ముల మధ్య గొడవ గట్టు మీదకొస్తుంది. చెరువుకు వరిచేనుకు కావాల్సినంతమంది అక్కర్లేదు, నాట్లు వేసే ఆడవాళ్లకు పని పోతుంది. వలస ఆ తర్వాతే. పిల్లర్లలో ఇనుము తుప్పుపట్టి స్లాబు పెచ్చులూడే ఇల్లు ఇంకా తర్వాత. మధ్యలో రెండు మెట్లు దాటేశారంటే, పాత్రలు ఊరెందుకు విడిచిపోతున్నారో పాఠకుడికి అర్థం కాదు.

అపోహ: 2150 అనో 2200 అనో పెట్టుకుంటే స్వేచ్ఛగా రాయొచ్చు.

వాస్తవం: కాలం దూరమయ్యేకొద్దీ జ్ఞాపకం తెగిపోతుంది, దాంతోపాటు దుఃఖమూ పలచనవుతుంది. 2080లో నడిచే నవల అయితే, 1996 నవంబరు తుపాను ఏడాది పుట్టినావిడకు 84 ఏళ్లుంటాయి. కొబ్బరితోటలు నేలకూలిన సంగతి వాళ్లమ్మ చెప్పగా విన్నది ఆవిడే ఊళ్లో మిగిలిన చివరి మనిషి కావచ్చు. అది నవలకు పెట్టుబడి.

రాయకముందే నాలుగు గడుల పట్టిక వేసుకోండి: సంవత్సరం, ప్రకృతిలో జరిగింది, సర్కారో బజారో తీసుకున్న నిర్ణయం, ముఖ్యపాత్ర వయసు. ఐదేళ్లకో వరుస చొప్పున 2025 నుంచి 2080 దాకా 12 వరుసలు. సాధారణంగా ఖాళీగా మిగిలేది మూడో గడి. అది నిండకపోతే కష్టమంతా ఆకాశం నుంచే ఊడిపడ్డట్టు ఉంటుంది, ఎవరికీ బాధ్యత ఉండదు. మా దృష్టిలో ఇలాంటి నవలల్లో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

అపోహ: ఎండ 55 డిగ్రీలని రాస్తే తీవ్రత తెలిసిపోతుంది.

వాస్తవం: కోస్తాలో లెక్కపెట్టాల్సింది తేమను కూడా. తడిబల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది, వేడినీ తేమనీ కలిపి చెబుతుంది) 35 డిగ్రీలకు చేరితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి బతకలేడన్నది సిద్ధాంతపరమైన హద్దు. ప్రయోగశాల పరీక్షల్లో యువకుల శరీరాలు అంతకంటే కిందే తట్టుకోలేకపోయాయి. 38 డిగ్రీల ఎండకు 80 శాతం తేమ తోడైతే ఆ హద్దు దగ్గరపడ్డట్టే. రామగుండంలో 46 డిగ్రీలున్నా తేమ 15 శాతమే అయితే తడిబల్బు 25 చుట్టూ ఉంటుంది. పొడి ఎండ ప్రాణం తీయదని కాదు, 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. కానీ అక్కడ చెమట ఆరుతుంది, ఇక్కడ ఆరదు. కోనసీమ పాత్రను రామగుండం ఎండలో నడిపించకండి.

కూలిపని రాత్రికి మారుతుందని చాలామంది రాస్తారు, అది సబబే. వరి మాత్రం తన వేళ మార్చుకోలేదు. దాని పూత విచ్చేది పగటిపూట, ఎక్కువగా మధ్యాహ్నంలోపు. ఆ కాసేపట్లో 35 డిగ్రీలు దాటితే గింజ సరిగా కట్టదు, తాలు పెరుగుతుంది.

అపోహ: తుపాను అంటే వేలమంది చావాలి.

వాస్తవం: 1977 దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు. 2014 హుద్‌హుద్‌లో ఆంధ్రప్రదేశ్ మృతులు వందలోపే. ముందస్తు హెచ్చరికలు, తరలింపు మనుషుల్ని కాపాడాయి, తోటల్ని కాపాడలేకపోయాయి. మీ పాత్రలు బతికి, తిరిగొచ్చి, అప్పు లెక్క చూసుకోవాలి.

అపోహ: శాస్త్రమంతా ఒక ప్రొఫెసరు పాత్రతో చెప్పించాలి.

వాస్తవం: 2055లో పుట్టినమ్మాయికి ఉప్పునీళ్లు వింత కాదు, వాటి గురించి ఎవరికీ వివరించదు. ధర, రూలు, అలవాటు రూపంలో సమాచారం ఇవ్వండి: బిందె మంచినీళ్ల రేటు, బడి మూసే వేళ, అల్లుడొస్తే ముందుగా ఏ నీళ్లిస్తారు. రాతప్రతిలో 'ఒకప్పుడు' అన్న ప్రతిచోటా ఆ వాక్యం తీసేసి చూడండి, చాలాచోట్ల సన్నివేశం మెరుగవుతుంది. అంతా అయ్యాక కాలువ నీళ్లు వదిలే లస్కరుకో, చెరువు మీద పనిచేసే మనిషికో చదివి వినిపించండి. తూము ఎప్పుడు దించాలి, పోటు ఎంతసేపు నిలుస్తుంది అన్న తప్పులు వాళ్లే పట్టుకుంటారు.