వెనిగర్ గది: హెచ్‌ఐవీ డబ్బు క్యాన్సర్ పరీక్షకెలా చేరింది?

హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు మిగతావారికంటే ఆరు రెట్లు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేశాక పాత ప్రశ్న మళ్లీ లేచింది: హెచ్‌ఐవీ నిధులతో క్యాన్సర్ పరీక్షలు దేనికి? జవాబు 2006 నాటి జాంబియాలో ఉంది.

హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులొచ్చి అక్కడి మహిళలు బతికి బట్టకట్టారు. క్యాన్సర్ ముదిరేంత కాలమూ బతికారు. ముఖద్వారం కణాలను మైక్రోస్కోపు కింద చూసే పాప్ స్మియర్ పరీక్ష పెడదామంటే స్లైడు చదివే పాథాలజిస్టులు లేరు. ఫలితం వచ్చేసరికి మనిషి మళ్లీ వస్తుందన్న నమ్మకమూ లేదు. డాక్టర్లు గ్రోస్‌బెక్ పర్హమ్, ములిండి మ్వానాహముంటు బృందం లుసాకా ప్రభుత్వ క్లినిక్‌లలోనే, హెచ్‌ఐవీ నిధులతో నడిచే ఏఆర్‌టీ సేవలకు జోడించి, వెనిగర్‌తో చేసే పరీక్షను నర్సుల చేతికిచ్చింది.

ముఖద్వారం కనిపించేలా స్పెక్యులమ్ అనే పరికరం వేసి, 3-5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగరే, దూదితో అద్ది కనీసం నిమిషం ఆగాలి. జబ్బు కణాలున్నచోట తెల్లమచ్చ తేలుతుంది; తొందరపడితే తేలదు. మామూలు డిజిటల్ కెమెరాతో ఫొటో తీసి ఆమెకే తెరమీద చూపేవారు. అనుమానముంటే అదే ఫొటో డాక్టరుకు వెళ్లేది. మచ్చ ముఖద్వారంలో ముప్పాతిక భాగం దాటకుండా, లోపలి నాళంలోకి పాకకుండా ఉంటే అప్పటికప్పుడే క్రయోథెరపీ: 3 నిమిషాలు గడ్డకట్టించి, 5 నిమిషాలు వదిలి, మళ్లీ 3 నిమిషాలు. సిలిండర్‌లో గ్యాస్ ఒత్తిడి పడిపోతే మంచు లోతుకు దిగదు, జబ్బు కణాలు మిగిలిపోతాయి. మచ్చ పెద్దదైతే లీప్ (కరెంటు తీగతో ఆ భాగాన్ని కోసి తీయడం) చేసే డాక్టరు దగ్గరికి పంపాల్సిందే. 2013 ఆఖరుకు పరీక్ష చేయించుకున్నవారు లక్ష దాటారు.

నర్సులు చేస్తే చాలునా అన్న సందేహాన్ని తమిళనాడులోని దిండిగల్ అధ్యయనం 2007లోనే తీర్చింది. సాధారణ మహిళల్లో నర్సులు వెనిగర్ పరీక్ష చేసినచోట ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి.

వెనిగర్ పరీక్ష చూసే కంటిని బట్టి మారుతుందని, ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ను పట్టే డీఎన్‌ఏ పరీక్షే మేలని విమర్శకులంటారు. నిజమే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెప్పింది: హెచ్‌ఐవీ ఉంటే 25వ ఏట మొదలుపెట్టి, 3-5 ఏళ్లకోసారి. కానీ హెచ్‌ఐవీ ఉన్నవారిలో హెచ్‌పీవీ పాజిటివ్‌లు చాలా ఎక్కువ. అందరికీ చికిత్స చేయకుండా మరో పరీక్షతో వడపోయాలని ఆ సంస్థే అంటోంది. ఆ వడపోతకు వాడే పద్ధతుల్లో వెనిగర్ ఒకటి! గ్యాస్ సిలిండర్ బాధ మాత్రం మచ్చను వేడితో కాల్చే థర్మల్ అబ్లేషన్‌తో తీరింది; 100 డిగ్రీల ప్రోబ్‌ను 20-30 సెకన్లు ఆనిస్తే చాలు.

చికిత్స తర్వాత ఏడాదికోసారి, రెండేళ్లు మళ్లీ చూడాలి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో మచ్చ తిరగబెట్టడం ఎక్కువ. మందులకు వచ్చేచోటే ఈ పరీక్ష గది ఉంటే అందుకు ఆమెకు వేరే బస్సు ఛార్జీ అక్కర్లేదు.